చాచా వదిలేసిన ఈక

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం పళ్ళ డాక్టరు మా అంగడికి వచ్చి, గాజుబల్ల మీద చిన్న ప్లాస్టిక్ సంచి ఒకటి పెట్టి, "ఆంటీ, అసలా, నకిలీయా?" అన్నాడు. డెబ్బయికి దగ్గరపడ్డదాన్ని. నన్ను అమ్మా అన్నా సరే, అక్కా అన్నా సరే; ఈ ఆంటీ అన్న పిలుపు వింటే మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. అయినా ఊరుకుంటాను, ఎందుకంటే ఆయన పిచ్చి నాకిష్టం. ఊళ్ళోవాళ్ళ పళ్ళు పీకి సంపాదించినదంతా పాత ఫౌజీ బిళ్ళల మీద, అందులోనూ విమానం నడిపేవాళ్ళు రొమ్ము మీద పెట్టుకొనే రెక్కల బిళ్ళల మీద పోస్తాడు. ఇత్తడివీ వెండివీ ఆయనే పరీక్ష చేసుకుంటాడు. గుడ్డ మీద జర్దోజీ పనితో కుట్టిన రెక్కలు దొరికితే మాత్రం పాతబస్తీలో మా పత్తర్‌గట్టికి రావలసిందే. మాది మూడు తరాల జరీ అంగడి. ఒకప్పుడు ఈ రెక్కలు మా మీది గదిలోనే కుట్టేవారు కాబట్టి, వాటి మంచిచెడ్డలు చెప్పగలిగినవాళ్ళలో మిగిలింది నేనే.

నకిలీ రెక్కను పట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. కొత్తదాన్ని చాయ్ డికాక్షన్‌లో నానబెట్టి, ఎండలో ఆరేసి, చెప్పుకాలితో నాలుగు తొక్కులు తొక్కి, తాతగారి పెట్టెలో దొరికిందని అమ్ముతారు. అలా ముసలిదైన గుడ్డ అంతటా ఒకేలా ముసలిదవుతుంది. నిజంగా వయసు మీదపడ్డ గుడ్డ మనిషిలాగే, ఒకచోట ముందు పాడవుతుంది, ఇంకోచోట తీరిగ్గా పాడవుతుంది. డాక్టరు దగ్గర నీలం వెలుతురు టార్చి ఉంది. దాని కింద ఈకాలపు దారం తెల్లగా మెరుస్తుంది, పాత నూలుదారం మెరవదు. నేను టార్చి జోలికి పోను. తిరగేసి వెనకవైపు చూస్తాను. ముందువైపు కొనేవాళ్ళ కోసం కుట్టేది. కుట్టినవాడి సంగతంతా వెనకవైపే ఉంటుంది: ముడి ఎక్కడ వేశాడు, దారం ఎటు తిప్పాడు, ఎక్కడ విసుగొచ్చి తొందరపడ్డాడు అన్నీ కనిపిస్తాయి. ఆ రోజూ అలాగే తిరగేశాను. చూసీ చూడగానే సంచిని నా వైపు లాక్కున్నాను. జుమ్మేరాత్ బజార్‌లో పాతకోట్ల కుప్పలో దొరికిందని డాక్టరు ఏదో చెబుతున్నాడు గానీ, నాకు సగమే వినిపించింది. "ఒక వారం నా దగ్గర ఉండనియ్యి" అన్నాను. "ఏంది ఆంటీ, ముట్టుకోంగనే చెప్తరు గద మీరు!" అన్నాడు. "చెప్తగని పో, నీ పేషెంట్లు నోరు తెరుసుకొని కూసున్నరేమో" అని పంపేశాను.

అది చాచా చేతి పని. చాచా మాకు చుట్టమేమీ కాదు, మా తాత కాలం నుంచీ మా మీది గదిలో కూర్చున్న జర్దోజీ ఉస్తాదు. మంచమంత కొయ్య చట్రానికి గుడ్డను బిగించి కట్టి, దాని ముందు బాసింపట్టు వేసుకొని కూర్చునేవాడు. సన్నటి స్ప్రింగులా చుట్టిన వెండితీగను సల్మా అంటారు. దాన్ని ముక్కలుగా కత్తిరించి, పూసల్లా సూదికి ఎక్కించి, ఒక్కొక్క ఈకనూ నింపుకుంటూ పోవాలి. చాచాది ఎడమచేతివాటం. అందరి తీగముక్కలూ కుడివైపు వాలితే ఆయనవి ఎడమవైపు వాలేవి. మా బాపు ఆయన్ను ఉల్టా ఉస్తాద్ అని ఆటపట్టించేవాడు. చాచా నవ్వి ఊరుకునేవాడు. పిల్లప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని వెనకవైపు చూడడం నేర్పింది ఆయనే. మా బాపుకు నేనొక్కదాన్నే సంతానం. ఆయనకు ఆయాసం ఎక్కువయ్యాక నేనే చదువు సగంలో వదిలి అంగట్లో కూర్చున్నాను గనక, ఆ నేర్పిన విద్య ఇలా అన్నం పెడుతోంది.

చాచాకు ఒక పట్టింపు ఉండేది. విమానం నడిపేవాళ్ళకు రెక్క కుట్టేటప్పుడు చివరి ఈకను నింపేవాడు కాదు. అంచు మాత్రం కుట్టి లోపల ఖాళీ వదిలేవాడు. దూరం నుంచి చూస్తే తెలియదు. వాళ్ళ పెద్ద ఆఫీసర్లు కనిపెట్టలేదో, కనిపెట్టి ఊరుకున్నారో. ఆ ఈకకు సరిపడా తీగను అదే చుట్ట నుంచి తుంచి, కాగితంలో పొట్లం కట్టి, పైన మనిషి పేరు ఉర్దూలో రాసి, ఒక రేకుడబ్బాలో దాచేవాడు. మనిషి క్షేమంగా తిరిగొచ్చాక ఆ తీగతో నింపి ఇచ్చేవాడు. ఇలా నింపడాన్ని జర్దోజీ వాళ్ళు భర్తీ అంటారు. ఫౌజులో చేరడాన్నీ భర్తీ అనే అంటారు కదా, చాచాకు ఆ మాట మీద మహా సరదా. "నువ్వు ఫౌజ్‌ల భర్తీ అయినవ్ బేటా, నీ ఈక మాత్రం వాపస్ వచ్చినంకనే భర్తీ అయితది" అనేవాడు. ఆ మనిషే వచ్చి ఎదురుగా కూర్చోవాలి. తండ్రి వచ్చినా, పెళ్ళాం వచ్చినా సూది ముట్టేవాడు కాదు. అందుకే ఇప్పటికీ చాచా కుట్టిన రెక్క చేతికొస్తే నేను ముందు చివరి ఈక చూస్తాను. నిండి ఉంటే మనిషి ఇల్లు చేరాడని అర్థం. ఖాళీగా ఉంటే ఆ పూట నాకు అన్నం సయించదు. డాక్టరుకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఈ పోగుచేసేవాళ్ళు ఖాళీ ఈకల కోసమే ఎగబడతారు, వాళ్ళ గుణం నాకు తెలుసు.

ఇక మలక్‌పేట అన్న అని నేను పిలుచుకొనే మనిషి సంగతి. నేను ఇంటర్ చదువుతుండగా ఒక పొడుగాటి మనిషి చెల్లెల్ని వెంటబెట్టుకొని మా అంగడికి వచ్చాడు. మలక్‌పేటలో రేసుకోర్సు దగ్గర ఉండే క్రైస్తవుల కుటుంబం, తండ్రి రైల్వేలో ఫిట్టరుగా చేసి పోయాడు. ఫిట్టరు కొడుకు విమానం నడపడం ఆ గల్లీలో ఎంత గొప్పో ఆ చెల్లెలి మొహంలో కనిపించేది. ఆమె నాకంటే రెండేళ్ళు పెద్ద, నేను అక్కా అనేదాన్ని. ఆయన రెండు రెక్కలు కుట్టమన్నాడు. "ఒకటి అమ్మ కోసం ఇంట్ల ఉంటది. ఒకటి జేబుల పెట్టుకొని తిరుగుత" అన్నాడు. చాచా రెండింటిలోనూ చివరి ఈక వదిలి, రెండు పొట్లాలు కట్టి డబ్బాలో పెట్టాడు. ఎందుకో విని ఆ అన్న పెద్దగా నవ్వాడు. చెల్లెలి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "అయితే నేను వచ్చినంక సీదా పత్తర్‌గట్టికే పోత. ఈక నింపించుకున్నంకనే ఇల్లు" అన్నాడు. ఆ నవ్వు మీది గది దాకా వినిపించిందని చాచా తరువాత చాలాసార్లు చెప్పాడు.

ఆ ఏడే యుద్ధం వచ్చింది. ఆయన విమానం తిరిగిరాలేదు. కూలడం ఎవరూ చూడలేదు, శవం దొరకలేదు, జాడ తెలియలేదని మాత్రం ఇంటికి కాగితం వచ్చింది. కాగితం మీద అలా ఉంటే తల్లి ఏమనుకోవాలి? ఆ తల్లి, చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన చేయించనివ్వలేదట. అక్కకు తండ్రి ఉద్యోగం రైల్వేలోనే ఇచ్చారు. ప్రతి నెలా మొదటి శనివారం డ్యూటీ దిగి సీదా మా అంగడికి వచ్చేది. లోపలికి కూడా రాకుండా గడప బయట నిలబడి, "మా అన్న వచ్చిండా?" అని అడిగేది. కరెంటు వచ్చిందా అని అడిగినంత మామూలుగా అడిగేది. "రాలేదక్కా" అనేదాన్ని. తలూపి వెళ్ళిపోయేది. దాదాపు మూడేళ్ళు ఇలా జరిగింది. శనివారం వస్తోందంటే నాకు శుక్రవారం నుంచే గుబులు.

ఈలోగా చాచా కళ్ళకు పొర కమ్మింది. ఆపరేషనంటే భయపడి చేయించుకోలేదు. అయినా పని మానలేదు. కనిపించడం మానేశాక తీగను బొటనవేలి గోరుతో కొలిచి కత్తిరించేవాడు. అందువల్ల ఆ రోజుల నాటి ముక్కలన్నీ మునుపటికంటే వెంట్రుకవాసి పొడుగు. కుట్టు మాత్రం చూపున్నవాళ్ళు కూడా వంకపెట్టలేనట్టుండేది.

ఒక వానాకాలం మిట్టమధ్యాహ్నం, బాపు భోజనానికి పోయాడు, నేను గల్లాబల్ల మీద తల ఆనించి కునుకు తీస్తున్నాను. మా మీది గదికి పదకొండు కొయ్యమెట్లు. పిల్లి ఎక్కినా కిర్రుమంటాయి. ఆ కిర్రు వినిపించి కళ్ళు తెరిచేసరికి తడిసిన పొడుగు కోటు అంచొకటి మలుపు దగ్గర కనిపించి మాయమైంది. చాచా కోసం ఎవరో బేరానికి వచ్చారనుకొని ఊరుకున్నాను. అరగంటకు మళ్ళీ మెట్లు కిర్రుమన్నాయి, కోటు నా పక్కనుంచే వానలోకి పోయింది. మొహం చూద్దామన్నా బద్ధకం వదల్లేదు నాకు. అప్పుడు పైనుంచి చాచా గొంతు: "బేటీ, మలక్‌పేటోడు ఆయా థా! భర్తీ కర్‌దియా!" వచ్చాడట, ఈక నింపేశాడట! నేను రెండేసి మెట్లు ఎక్కి పోయాను. మాట్లాడాడా అని అడిగాను. "లేదు. ఉలకలే, పలకలే. రెక్క తడిమి గుర్తువట్టిన. కోటు మొత్తం తడి. భుజం మీద చెయ్యేస్తే గజగజ వణుకుతుండె" అన్నాడు చాచా. డబ్బా తీసి చూశాను. రెండు పొట్లాల్లో ఒకటి విప్పి ఉంది. ఉట్టి కాగితం.

రాత్రి భోజనాల దగ్గర బాపుకు చెబితే ముద్ద పక్కన పెట్టాడు. "కండ్లు పోయినయ్, ఇప్పుడు మతి గూడ పోయింది పాపం. పిచ్చోని మాట పట్టుకొని ఆ పిల్లకు ఆశ పెట్టకు" అన్నాడు. కోటు నేనూ చూశానంటే, పాతబస్తీలో కోట్లకు కరువా అని కసిరాడు.

ఆ తరువాత నలభై రోజులకు రెండోసారి. ఈసారి వాన లేదు, ఫెళ్ళున ఎండ. నేను నిద్రపోలేదు. కలిసిపోయిన చమ్కీలను రంగుల వారీగా ఏరుతూ, మెట్ల మొదట్లోనే పీట వేసుకొని కూర్చున్నాను. నన్ను దాటకుండా పైకి పోవడానికి వేరే దారి లేదు. మెట్లు కిర్రుమనలేదు. ఉన్నట్టుండి చాచా పైనుంచి కేకేశాడు: "బేటీ, దో చాయ్ లా." రెండెందుకో నాకు తోచలేదు. తీసుకొని ఎక్కాను. చాచా ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా ఉన్న చాప వైపు మొహం పెట్టి చిరునవ్వుతో ఉన్నాడు, సూది ఇంకా చేతిలో ఉంది. నేను కప్పులు పెట్టిన చప్పుడు విని, "ఏమాయె? పోయిండా? ఇప్పటిదాక ఈడనే కూసుండె గద" అన్నాడు. నేను ఆ చాప దగ్గర నుంచి వెనక్కి జరిగాను. చాచాకు మాత్రం భయం లేదు, సంతోషంగా ఉన్నాడు. "ఇయ్యాల మంచిగ మాట్లాడిండు. మాడిన వాసనొస్తుంది ఏంది బేటా అంటే నవ్విండు, గదే నవ్వు. ఇగ ఇంటికి పో, అమ్మ ఎదురుచూస్తది అని నేనంటే, అమ్మ నా తాననే ఉన్నది చాచా, నా పక్కన్నే, అన్నడు." గదిలో నిజంగానే మాడిన ఉన్నివాసన సన్నగా ఉంది. రెండో పొట్లమూ ఖాళీ. నేను రెండో కప్పు చాయ్‌ని కిందికి తెచ్చి మోరీలో పారబోశాను.

మధ్యలో ఒక నెల రాని అక్క, తరువాతి మొదటి శనివారం వచ్చింది. తెల్లచీర కట్టుకుంది. వాళ్ళింట్లో ఎవరు పోయారని అడిగే తెలివి నాకు లేకపోయింది. ఎప్పటిలా గడప బయట నిలబడింది గానీ, ఎప్పుడూ అడిగే మాట అడగలేదు. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. చాచా చెప్పినదంతా నా గొంతు దాకా వచ్చింది. బాపు మాట గుర్తొచ్చింది. అసలు నిజం చెప్పాలంటే, బాపు మాటకంటే నా భయమే ఎక్కువ. ఆమె అడగకుండానే, "రాలేదక్కా" అనేశాను. ఈసారి తలూపకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ చలికాలంలోనే చాచా పోయాడు. బాపు ఆ రెండు పొట్లాల తీగనూ ముసలాయన ఎవరి రవికె మీదో కుట్టేసి ఉంటాడని తేల్చేశాడు. నేనూ అదే నమ్మడానికి ప్రయత్నించి, పెళ్ళీ పిల్లలూ అంగడీ గొడవల్లో పడి, చాలావరకు నమ్మగలిగాను కూడా.

ఇప్పుడు డాక్టరు తెచ్చిన రెక్క. పొద్దున పూట ఎండలో, గడప దగ్గర కూర్చొని మూడు రోజులు చూశాను. తీగముక్కలన్నీ ఎడమవైపే వాలి ఉన్నాయి. వెనక అంటించిన కాగితం మూలన చాచా ఎవరి రెక్క ఎవరిదో తెలియడానికి పేరు రాసుకునేవాడు. అందులో మలక్‌పేట మనిషి పేరులోని మొదటి రెండు అక్షరాలు మిగిలాయి. గుడ్డ ఒక పక్క మాడి అట్టకట్టింది. ఆ పక్క ఈకల తీగంతా సెగకు నల్లబడి ముడుచుకుంది. చివరి ఈక కూడా ఆ పక్కనే ఉంది. దాని అంచు నల్లబడింది. లోపల నింపిన తీగ మాత్రం నల్లబడలేదు, ముడుచుకోలేదు. మాడిన గుడ్డ మీదనే శుభ్రంగా కూర్చుంది. భూతద్దం పెట్టి చూస్తే ముక్కలు వెంట్రుకవాసి పొడుగు. అంటే ఈ రెక్క మంటల్లో పడింది. పడిన తరువాత, చూపు పోయిన చాచా ముందుకు వచ్చింది. ఎవరికో దొరికితే తెచ్చి ఇచ్చారేమో అనుకుందామన్నా, పత్తర్‌గట్టిలో ఒక ముసలాయన దగ్గర ఒక ఈక బాకీ ఉందని ఆ ఎవరికో ఎలా తెలుస్తుంది? మనిషి స్వయంగా కూర్చోకపోతే చాచా సూది ఎందుకు ఎత్తుతాడు? నలభై ఏళ్ళుగా అసలువీ నకిలీవీ చెబుతున్నాను గానీ, ఒక వస్తువు అసలుదైనందుకు భయపడింది అదే మొదటిసారి. ఆ వారమంతా మధ్యాహ్నాలు మెట్ల వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

చివరికి ఆటో ఎక్కి దారుల్‌షిఫా మీదుగా మలక్‌పేట పోయాను. రేసుకోర్సు వెనక అదే ఇల్లు. నన్ను గుర్తుపట్టడానికి అక్కకు రెండు నిమిషాలు పట్టింది. రైల్వే పింఛను మీద ఒక్కతే ఉంటోంది, మనిషి సన్నబడింది గానీ ఆ చూపు అదే. రెక్కను చేతిలో పెట్టకుండా ముందు చెప్పవలసింది చెప్పాను. "అక్కా, నీకు అబద్ధం చెప్పిన. మీ అన్న వచ్చిండని చాచా అన్నడు. ఒక్కసారి గాదు, రెండుసార్లు."

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది. "మొదటిసారి వచ్చింది నేను" అంది. తల్లి మంచంలో ఆఖరి దశలో ఉండి, వాడొస్తే ఈక నిండి ఉంటది గదా, రెక్క చూపియ్యి అని ఒకటే కలవరించిందట. వేరేవాళ్ళు పోతే చాచా నింపడని తెలుసు. అందుకని ఇంట్లో ఉన్న రెక్కను పట్టుకొని, అన్న కోటు వేసుకొని, వానలో వచ్చి, గొంతు బయటపడుతుందని నోరు తెరవకుండా చాచా ముందు కూర్చుంది. "భుజం మీద చెయ్యేసిండు. ఏడుపు ఆపుకుంటే వణుకొచ్చింది. అన్న వచ్చి పోయిండమ్మా, నువ్వు నిద్రల ఉన్నవ్, డ్యూటీ ఉన్నదని పోయిండని చెప్పిన. అమ్మ ఈక మీద వేలు పెట్టి తడిమింది. రెండు రోజులకు పోయింది. ఆ రెక్క శవప్పెట్టెల ఆమె చేతిలనే పెట్టిన. చెల్లె, సచ్చేముందు కన్నతల్లిని మోసం చేసిన, ఇన్నేండ్ల సంది చర్చిల మోకరిస్తే గదే మాట యాదికొస్తది."

"మరి రెండోసారి?" అన్నాను.

"నేను ఒక్కసారే వచ్చిన."

అప్పుడు సంచి తీసి ఆమె ఒడిలో పెట్టాను. ఆ రెండో మధ్యాహ్నం చాచా చెప్పిన మాటలన్నీ, రెండు చాయ్‌లతో సహా, దాచకుండా చెప్పాను. అమ్మ నా తాననే ఉన్నది అన్న మాట దగ్గర ఆమె నా మణికట్టు పట్టుకుంది. రోజులు లెక్క వేసుకుంటోందని పెదవుల కదలిక బట్టి తెలిసింది. అప్పటికి అమ్మ పోయి ఒక నెల దాటింది. బయట రేసుకోర్సులో గుర్రాలను తిప్పుతున్నట్టున్నారు, గిట్టల చప్పుడు దగ్గరకొచ్చి దూరమైంది. ఆమె మాడిన అంచు తడిమి, మెల్లగా చివరి ఈక మీదికి వేలు జరిపింది.

"ఇది చాచా చెయ్యేనా? ఒట్టేసి చెప్పు."

"అసలుదే అక్కా. ఒట్టు."

"గట్లయితే అమ్మకు నేను అబద్ధం చెప్పలే" అంది. అని, డెబ్బయి దాటిన మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

రెక్క ఇంకా అక్క దగ్గరే ఉంది. పళ్ళ డాక్టరు రోజూ ఫోను చేస్తున్నాడు, ఇంకా చూస్తున్నానని చెబుతున్నాను. ఏదో ఒకరోజు ఆయనకు సమాధానం చెప్పుకోవాలి, చెప్పుకుంటాను. నన్ను బాధపెట్టేది అది కాదు. పత్తర్‌గట్టి నుంచి మలక్‌పేటకు ఆటోలో ఇరవై నిమిషాల దారి; ఒక్క మాట పట్టుకొని ఆ దారి పోవడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.